ఆటల పీరియడ్‌లో లెక్కలు

సాయంత్రం, మూడో అంతస్తులో ఒక ఇల్లు. బడి నుంచి అప్పుడే వచ్చిన డ్రిల్లు టీచరు మెడలో ఈల ఇంకా తీయలేదు. ఆమె భర్త, అదే బడిలో లెక్కల మాస్టారు, సోఫాలో ఉన్నాడు. అక్కడే పదో తరగతి చదివే వాళ్ళమ్మాయి లోపలి గదిలో తలుపేసుకుని ఉంది.

"మళ్ళీ చెప్పండి. నా మొహం చూసి మళ్ళీ చెప్పండి."

"ఏం చెప్పాను? నేనేమీ అనలేదే."

"అదే! ఏమీ అనలేదు! పదో తరగతికి ఆటల పీరియడ్ ఎత్తేద్దాం అని ప్రిన్సిపాల్ మేడమ్ అంటుంటే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారట మీరు."

"నీకెవరు చెప్పారు?"

"అటెండరు చెప్పాడు. టీ ఇవ్వడానికి లోపలికెళ్ళి విన్నాడట. నా పీరియడ్ పోయిందని టీలిచ్చేవాడు చెప్తే తెలియాలా నాకు? ఒకే కంచం, ఒకే మంచం! మొగుడన్నవాడు ఒక్క ముక్క చెప్పడే!"

"మెల్లగా మాట్లాడు. అమ్మాయి లోపలుంది."

"ఉండనీ. విననీ. ముందు ఆ సోఫాలోంచి లేవండి మీరు."

"నడుం నొప్పే."

"కూర్చుని తెచ్చుకున్న నొప్పి కూర్చుంటే పోతుందా? డాక్టరేమన్నాడు? నడవమన్నాడు. మీరేం చేశారు? నడవడానికి బూట్లు కొన్నారు. ఆ బూట్లు కొనడానికి స్కూటరేసుకుని వెళ్ళారు!"

"షాపు దూరం కదా..."

"వీధి చివర! ఇక్కడ కిటికీలోంచి కనపడుతుంది ఆ షాపు! సరే, మీ నడుం మీ ఇష్టం. విరిగితే కట్టు కడతాను. పిల్లల సంగతేంటి? పొద్దున్న బస్సులో కూర్చుంటారు. బళ్ళో బెంచీ మీద కూర్చుంటారు. మళ్ళీ బస్సులో కూర్చుంటారు. ఇంటికొచ్చి ఫోను పట్టుకుని కూర్చుంటారు. మొన్న లిఫ్టు చెడిపోతే పదో తరగతి పిల్లాడు మెట్లెక్కొచ్చి గోడ పట్టుకుని రొప్పుతున్నాడు. మా తాతయ్య నయం! ఆ పిల్లలు వారం మొత్తంలో ఒళ్ళు కదిపేది నా పీరియడ్‌లోనే. అది కూడా మీరు మింగేశారు."

"మింగెయ్యడమేంటి? సిలబస్సు..."

"సిలబస్సు ఎప్పుడైంది గనక! 'ఈ ఒక్కసారికి ఇవ్వవే, టెస్టు పెట్టుకోవాలి' అన్నారు. మొగుడే కదా అని ఇచ్చాను. ఈ ఒక్కసారి, ఈ ఒక్కసారి అంటూ మూడు నెలలు లాగారు. నేను బంతులకి గాలి కొట్టుకుని మైదానంలో కాకుల్ని తోలుకుంటున్నా. కంచే చేను మేసిందని అందుకే అన్నారు."

"మార్కులు పెరిగాయి కదా."

"పెరిగాయి! అందుకే ఎత్తేస్తున్నారు! 'మాస్టారు ఆ పీరియడ్ తీసుకున్నాక పిల్లలు బాగుపడ్డారు, ఇంక ఆ ఆటలెందుకు' అందట ఆవిడ. ఈ ఏడు పది. వచ్చే ఏడు తొమ్మిది. ఆ పైన నేనెందుకు అక్కడ? గేటు దగ్గర నిలబడి బస్సులకి చెయ్యూపాలా?"

"ఆవిడ అంతదాకా తీసుకెళ్తుందని నేననుకోలేదు."

"మీరనుకోరు. మీకు అనుకునే అలవాటు లేదు. సరే, అయిందేదో అయింది. రేపు మీటింగుంది. తాడో పేడో అక్కడే తేలిపోతుంది. మీరు లేస్తారు. నడుం నొప్పి ఉన్నా సరే, లేస్తారు. 'ఆ పీరియడ్ నాకొద్దు, పిల్లలకి ఆట కావాలి' అంటారు. లెక్కల మాస్టారే వద్దంటే ఆవిడ ఇంక మాట్లాడదు. అంటారా?"

"చూద్దాంలే."

"చూద్దామా?"

"ముందు టీ తాగు. వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉన్నావు."

"టీ కాదు నాకు కావలసింది. అంటారా, అనరా?"

"అనలేను."

"ఏంటీ?"

"అనలేనే. వదిలెయ్."

"ఎలా వదిలెయ్యను? ఇన్నేళ్ళూ ఎండలో మాడి సంపాదించుకున్న పని అది. ఎందుకనలేరు? ప్రిన్సిపాలంటే భయమా?"

"కాదు."

"మరి? లెక్కలకి హెడ్డుని చేస్తానని ఆశ పెట్టిందా?"

"ఛ! అదేం మాట?"

"అయితే నీళ్ళు నమలకుండా చెప్పండి!"

"పిల్లలే అడిగారు."

"ఏమని?"

"ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పమని."

"ఊరుకోండి!"

"నిజం. ఒట్టు."

"లెక్కలా? పిల్లలా? బంతి వదిలేసి లెక్కలు కావాలన్నారా? ఎవరికి చెప్తున్నారండీ కథలు? మీ లెక్కలంటే నాకే నిద్రొస్తుంది!"

"నాకూ వింతగానే అనిపించింది. మొదటిరోజు వెక్కిరిస్తున్నారేమో అనుకున్నా. వెక్కిరింపు కాదు. బతిమాలారు."

"ఎందుకట?"

"వదిలెయ్యమన్నానా."

"ఎందుకట అంటున్నా!"

"పరిగెత్తడం వాళ్ళ వల్ల కాదట. నువ్వంటే భయమట. విన్నావుగా, ఇంక చల్లబడు."

"భయమేంటి? నేనేమన్నా కొరుకుతానా? ఒక్క పిల్ల మీద చెయ్యి వేశానా ఎప్పుడైనా?"

"వెయ్యలేదు. పరిగెత్తించావు."

"డ్రిల్లు టీచరు పరిగెత్తించక పద్యాలు చెప్తుందా?"

"ఆలస్యంగా వస్తే పరుగు. జడలు సరిగ్గా వేసుకోకపోతే పరుగు. హోంవర్కు చెయ్యకపోతే పరుగు. నీ పీరియడ్‌లో బంతి ముట్టుకోవాలన్నా ముందు మైదానం చుట్టూ పరుగు, ఎవడు ఆఖరున వస్తే వాడు ఇంకో చుట్టు. మన బళ్ళో ఏ పిల్లాణ్ణైనా మెచ్చుకుని పరిగెత్తమన్నామా? పరుగంటే వాళ్ళకి శిక్ష."

"ఆహాహా! నీతులు! హోంవర్కు చెయ్యనివాళ్ళని నా దగ్గరికి తోలింది ఎవరండీ? ఎవరు? సైన్సు టీచరు తోలింది, ఇంగ్లీషు టీచరు తోలింది, అందరికంటే ఎక్కువ మీరు తోలారు! 'ఎక్కం రాలేదా? పో, డ్రిల్లు టీచరు దగ్గరికి పో' అని. పేరు నాది, పాపం మీ అందరిదీ!"

"తోలాను. కాదనను. మానేశాను కూడా."

"ఎప్పుడు మానేశారు?"

"అది ఏడ్చాక."

"ఏది?"

"ఆ... పిల్లలు. పిల్లలేడ్చాక."

"పిల్లలని అనలేదు మీరు. అది అన్నారు. ఏది ఏడ్చింది? ఎవరడిగారు మిమ్మల్ని లెక్కలు చెప్పమని? మొదట ఎవరడిగారు?"

"ఎవరైతే ఏంటి..."

"ఎవరైతే ఏంటంటారా? నా నోటి దగ్గర కూడు లాగేసిన మనిషెవరో నాకు తెలియక్కర్లేదా? ఆ పొడుగుదా? ఆ కళ్ళద్దాలవాడా? వాడే, వాడికి మొదట్నుంచీ ఒళ్ళు బద్ధకం..."

"వాడు కాదమ్మా. నేనే అడిగాను."

"నువ్వెందుకొచ్చావే బయటికి? లోపలికెళ్ళి చదువుకో."

"తలుపేసుకున్నా అన్నీ వినపడుతున్నాయి. నాన్నని తిట్టకు. నేనే అడిగాను. తర్వాత మిగతావాళ్ళందరూ అడిగారు."

"పిచ్చుకా, లోపలికెళ్ళు. నేను మాట్లాడుతున్నాగా."

"నువ్వు మాట్లాడట్లేదు నాన్నా. గంట నుంచీ దాటేస్తున్నావు."

"నువ్వా? నా కడుపున పుట్టి నువ్వా? ఏమే, నీకేం తక్కువ చేశానే?"

"ఏం తక్కువ చెయ్యలేదు."

"మరెందుకే? మీ అమ్మ పని ఊడబెరకాలనా? రేపు ఆ మీటింగులో అందరి ముందూ నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ పని పోతుందని నాకు తెలీదమ్మా. ఒక్క పీరియడే కదా అనుకున్నా."

"ఒక్క పీరియడ్! నడవడం రాకముందే పాకి గడపలు దాటేదానివే నువ్వు! ఒక్కచోట కాలు నిలవదని పిచ్చుక అని పేరు పెట్టాం. ఇప్పుడేమో అచ్చం మీ నాన్న పోలిక! బళ్ళోంచి రావడం, బ్యాగు విసిరెయ్యడం, కూర్చోవడం. సిగ్గుండాలి, డ్రిల్లు టీచరు కూతురివి!"

"అలా అనకే దాన్ని."

"మీరాగండి! మీరే చెడగొట్టారు. చెప్పవే, ఏం చేశాను నిన్ను?"

"బస్తా అన్నావు."

"ఏమన్నాను?"

"పోయినేడాది. పోటీలకి ఎంపిక చేసేరోజు. ఆడపిల్లలు ఎండగా ఉందని కూర్చుండిపోయారు. నువ్వు ఈల ఊది, 'మా ఇంట్లో బస్తానే పరిగెడుతోంది, మీకేం రోగమే, లేవండి' అన్నావు. రెండు క్లాసులు ఉన్నాయి అక్కడ. అబ్బాయిలు కూడా ఉన్నారు."

"అది... అది ఏదో నోటికొచ్చిందే. వాళ్ళని లేపడానికన్నాను. నిన్నని కాదు."

"నన్నే చూపించావు."

"నా కూతుర్ని వెనకేసుకొస్తే నలుగురూ ఏమనుకుంటారు? పరాయి పిల్లల్ని అన్నట్టే నిన్నూ అన్నాను. పక్షపాతం లేదని..."

"నలుగురూ నవ్వారమ్మా. ఇప్పటికీ నా పేరు అదే. బస్సులో కూడా అదే. బస్తా పక్కకి జరుగు, బస్తాకి రెండు సీట్లు."

"ఏడీ వాడు? ఎవడన్నాడు? పేరు చెప్పు! రేపు పొద్దున్న గేటు దగ్గరే పట్టుకుని మైదానం చుట్టూ..."

"అదిగో. మళ్ళీ."

"ఏంటండీ మళ్ళీ?"

"పరిగెత్తిస్తానంటున్నావు."

"మరేం చెయ్యమంటారు వాణ్ణి?"

"నేనందుకే చెప్పలేదే నీకు. చెప్తే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావు. దాన్ని ఇంకో నాలుగు మాటలంటావు."

"ఓహో. తండ్రీ కూతుళ్ళు ఒకటయ్యారు. నేనే రాక్షసిని. సరే. అన్నాను, తప్పే. అనకూడదు. ఒప్పుకున్నాను. కానీ నా మీద కోపం నీ ఒంటి మీద తీర్చుకుంటావుటే? బళ్ళో కదలవు. సాయంత్రమైతే స్నేహితురాలింట్లో కలిసి చదువుకుంటానని వెళ్తావు. చీకటిపడేదాకా అక్కడ కూర్చోవడమే కదా? నీ వయసులో పిల్ల అలా కూర్చుంటే ఏమవుతుందో తెలుసా? నీకేమన్నా అయితే ఎవరికే నష్టం? నాకు భయంగా ఉండదా?"

"చదువుకోడానికి కాదది వెళ్ళేది."

"నాన్నా!"

"చెప్పెయ్యనివ్వవే. ఇంక దాచడం నావల్ల కాదు."

"చదువుకోడానికి కాకపోతే ఎక్కడికండీ? వయసొచ్చిన పిల్ల రోజూ సాయంత్రం ఎక్కడికెళ్తోంది? మీకు తెలిసే వెళ్తోందా? నా కళ్ళుగప్పి ఇంట్లో ఏం నడుపుతున్నారు మీరిద్దరూ?"

"అరవకమ్మా! గోదాముల వెనక్కి వెళ్తున్నాను."

"అక్కడేముందే? అది లారీలు తిప్పే చోటు!"

"సాయంత్రం లారీలుండవు. ఖాళీగా ఉంటుంది. అక్కడ పరిగెడతాం."

"ఏం చేస్తారూ?"

"పరిగెడతాం. జట్లు చేసుకుని, కర్ర చేతులు మార్చుకుంటూ. రిలే."

"నువ్వా? నువ్వు పరిగెడుతున్నావా?"

"పరిగెడుతోందే. బాగా పరిగెడుతోంది. మలుపు దగ్గర నువ్వు వయసులో ఉన్నప్పుడు వంగేదానివి చూడు, అచ్చం అలాగే వంగుతుంది."

"మీరు చూశారా?"

"రోజూ చూస్తాను. నేనేగా దింపేది. అయ్యేదాకా స్కూటర్ మీద కూర్చుని..."

"అక్కడ కూడా కూర్చోవడమేనా! దేవుడా! ఎవరే, మీతో ఎవరెవరుంటారు?"

"మా క్లాసువాళ్ళే. ఆ పొడుగుది వస్తుంది. కళ్ళద్దాలవాడు కూడా వస్తాడు. ఆఖరివాడు వచ్చేదాకా అందరం నిలబడి కేకలేస్తాం, రా రా అని. దాదాపు క్లాసంతా వస్తోంది ఇప్పుడు."

"లెక్కలు కావాలన్నవాళ్ళా?"

"వాళ్ళే."

"ఎవరు నేర్పుతున్నారు?"

"ఎవరూ నేర్పట్లేదు."

"అదేంటే? పట్టుకునే పద్ధతి తెలియకుండా కర్ర ఎలా అందిస్తారు? వేళ్ళు విరుగుతాయి. ఒళ్ళు వెచ్చబడకుండా పరిగెడితే పిక్కలు పట్టేస్తాయి. అక్కడ నేల కూడా రాళ్ళు..."

"ఏడుస్తున్నావామ్మా?"

"లేదు. చెమట. ఇవాళ వెళ్తున్నావా?"

"వెళ్తున్నా. టైమైంది."

"ఉండు, నేనూ వస్తాను. చెప్పులేసుకుంటే చాలు."

"నువ్వెందుకమ్మా?"

"ఏమీ చెయ్యనే. ఇదిగో, ఈల తీసేశాను. ఇక్కడే, బల్ల మీదే పెట్టేస్తున్నా. నోరు కూడా తెరవను. ఒక్క మాటనను ఎవర్నీ. మీ నాన్న పక్కన ఆ స్కూటర్ మీదే కూర్చుంటాను, సరేనా? కూర్చుని ఊరికే చూస్తాను. నా కూతురు పరిగెడుతుంటే చూడనివ్వవా నన్ను?"

"వద్దమ్మా."

"దూరం నుంచేనే. ఎందుకొద్దూ?"

"నువ్వు కనపడితే అందరూ ఆగిపోతారు."