డిక్కీలో వచ్చిన మేనత్త

ఓబులేసని కోనపల్లెలో బోరు మోటార్లు చుట్టేవాడుండె. మోటారు కాలిపోయిందంటే చుట్టుపక్కల ఊర్లోళ్ళంతా వాని కాడికే పోవాల, అంత పనోడు. చిన్నప్పుడే అమ్మా నాయినా పోతే మేనత్త చెంచులమ్మ సాకింది వాన్ని. ఆయమ్మకు మొగుడు లేడు, కడుపున బిడ్డ పుట్టలేదు, అన్నీ వీడే అనుకో. వీపున మోసింది, బడికి పంపింది, పెండ్లి చేసింది. వాని పెండ్లాం పేరు సుంకులమ్మ, మంచిదే పాపం. ఇద్దరు బిడ్డలు, ఈశ్వరి అని పెద్దపాప, ఒక చంటోడు. ఇంగ ఓబులేసు ఏం చేసినాడంటే, చేతిలో నాలుగు రూకలు ఆడతానే పాత కారొకటి కొన్నాడంట. చిన్న కారు. నేల మీద బల్లి పాకినట్టు పోతాది అది. దాంట్లో కూసోవాలంటే బావిలోకి దిగినట్టు దిగాల, లేవాలంటే బావిలో నుంచి ఎక్కినట్టు ఎక్కాల. మనకు సరే, చెంచులత్తకు మోకాళ్ళు పోయిండె. ఆయమ్మను ఎక్కించేదానికి ఇద్దరు కావాల, దించేదానికి ముగ్గురు కావాల. అందుకని ఏమైందంటే, యాడికన్నా పోవాల్సొస్తే, "అత్తా, నువ్వు ఇంటికాడ ఉండు, వచ్చే తూరి పోదాం" అనేవాడంట. ఆయమ్మ "సరే నాయనా" అనేది. ఎప్పుడూ సరే నాయనానే. ఒక్క తూరన్నా తిట్టి ఉంటే ఈ కథ ఉండేదే కాదు.

చంటోడు పుట్టిన కొత్తల్లో వానికి జొరం వచ్చి కండ్లు తేలేసినాడంట. అప్పుడు చెంచులత్త దీపం ముందర నిలబడి, "కోన నరసిమ్మసామీ, వీడు బతికితే వీని పుట్టెంట్రుకలు నీ బండ మీదనే తీయిస్తా, నా కొంగులోనే పట్టుకుంటా" అని మొక్కుకునింది. మొక్కు ఎవురిది? ఆయమ్మది. అది మనసులో పెట్టుకోండి. బిడ్డ బతికినాడు, ఏడాది తిరిగింది, ఎంట్రుకలు తీసే రోజొచ్చింది. మేనమామ తొడ మీద కూసోబెట్టి తీయాల గదా, సుంకులమ్మ తమ్ముడు గంగులు వచ్చినాడు, వాని పెండ్లామూ వచ్చింది. తెల్లారేకి చెంచులత్త నీళ్ళు పోసుకోని, కొత్త కోక కట్టుకోని, బొరుగులూ బెల్లమూ పళ్ళెంలో పెట్టుకోని అరుగు మీద కూసోనుండాది. ఓబులేసు కారు తుడుస్తా తుడుస్తా మనసులో ఎంచుకుంటాండాడు. నేనొకటి, పెండ్లామొకటి, గంగులొకటి, వాని పెండ్లామొకటి, ఈశ్వరి ఒకటి. అయిపాయ. చంటోడు ఒళ్ళో. వచ్చినోళ్ళను ఇడ్సిపెట్టే పని లేదు, మేనమామ లేకుంటే ఎట్ల? ఇంగ మిగిలింది ఎవురు? వాడు ఆయమ్మ మొకం చూడలేదంట. టైరు పక్క చూస్తా చెప్పినాడు. "అత్తా, దారి బాగలేదు, నీ మోకాళ్ళు ఓర్చుకోలేవు. వచ్చే తూరి నిన్నొక్కదాన్నే తీసకపోతా." ఆయమ్మ పళ్ళెం తెచ్చి సుంకులమ్మ చేతికిచ్చింది. "సరే నాయనా, బిడ్డ జాగర్త" అనింది. అంతే.

కారు ఊరు దాటింది. కార్లో అందరికీ లోపల అదోరకంగా ఉండాది. అప్పుడు గంగులు నవ్వించాలని, వాడు చెడ్డోడేం కాదబ్బా, నోటి దూల, "అంతగా అయితే పెద్దమ్మను డిక్కీలో ఏసుకోని వస్తే పాయ గద బావా, బియ్యం మూట పక్కన పడుకోనుండేది" అన్నాడంట. అందరూ నవ్వినారు. సుంకులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వింది. ఓబులేసు కూడా నవ్వినాడు. అదీ, వాడు నవ్వకుండా ఉండాల్సింది. వాడు నవ్వినాడో లేదో, వెనకాల డిక్కీ దబ్‌మని పడిన చప్పుడయిందంట. తెరిచింది ఎవురు, ఏసింది ఎవురు? కారు పోతానే ఉండాది గదా! ఆ చప్పుడు తోటి కారు వెనక భాగం మెల్లగా కిందికి దిగింది, ఎవురో ఎక్కి కూసున్నట్టు. అడవిలో కోన దారిలోకి తిరిగినాక ప్రతి రాయికీ బండి కడుపు గర్రుమని రాసుకుంటాంది. ఓబులేసుకు అనుమానం వచ్చి దిగి చూస్తే వెనక టైర్లు సగం కనపడటం లేదంట. డిక్కీ తెరిచినాడు. బియ్యం మూట, రెండు గిన్నెలు, కట్టెపుల్లలు. ఇంగేమీ లేదు. మూసినాడు. ఎక్కినాడు.

సామి బండ కాడికి చేరేకి పొద్దు బాగా ఎక్కింది. మంగలి నీళ్ళ చెంబు పెట్టుకోని కాసుకోనుండాడు. వాని పక్కన, బండ మీద, చెంచులత్త కూసోనుండాదంట. అవునబ్బా, చెంచులత్తే. పొద్దున కట్టుకున్న కొత్త కోకే, కానీ నలిగిపోయిండాది. కొప్పు ఊడిపోయిండాది. ఇంగ చెంప మీద గోనెసంచి అచ్చు పడిండాదంట, గళ్ళు గళ్ళుగా, మనం మూట మీద తల పెట్టి పండుకోని లేస్తే పడతాదే, అట్ల. ఓబులేసు దగ్గరికి పోయి, "అత్తా, నువ్వు యెట్లొచ్చినావు?" అన్నాడు. "మీతోనే వస్తి గద నాయనా" అనింది ఆయమ్మ. కోపం లేదు, నవ్వు లేదు, మామూలుగా చెప్పింది. "డిక్కీలో గాలాడలేదు. కాళ్ళు ముడుచుకుంటి. బియ్యం మూట ఉన్నింది గాబట్టి సరిపాయ, గంగులు చెప్పినట్టే." గంగులు పెండ్లాం చెయ్యి పట్టుకోని రెండడుగులు వెనక్కి పోయినాడు.

ఓబులేసు సెల్లు తీసుకోని, సిగ్నలు కోసం పక్కనుండే ఎత్తు బండ ఎక్కి పక్కింటి మాబున్నికి ఫోన్ చేసినాడు. "మాబున్నక్కా, మా అత్త ఇంట్లో ఉందేమో చూస్తావా?" అన్నాడు. "చూసేదేముందప్పా, నా కాడే కూసోనుండాది, శనక్కాయలు వలుస్తాంది. ఫోను ఆయమ్మకు ఇయ్యాల్నా?" అని ఫోన్ ఇచ్చేసింది. ఫోన్లో చెంచులత్త గొంతు. "ఏం నాయనా, చేరినారా? బిడ్డ ఏడ్చలేదు గదా?" ఓబులేసు కిందికి చూసినాడు. కింద గంగులు తొడ మీద కూసున్న బిడ్డ తల మీద మంగలి కత్తి పెట్టినాడు, చెంచులత్త కొంగు పట్టుకోని నిలబడుండాది, గొరిగిన ఎంట్రుకలు కొంగులో పడతాండాయి. నోరు మూసుకోనుండాది. చెవిలోనేమో మాట్లాడతాంది. చెవిలోనూ ఆయమ్మే, కంటికీ ఆయమ్మే. వాడు ఫోన్ పెట్టేసి ఆ బండ మీదనే కూలబడినాడంట. ఇంగో మాట. మంగలి కత్తంటే ఊరంతా వినేటట్టు ఏడ్చే బిడ్డ, ఆ రోజు కిమ్మనలేదు. ఆయమ్మ మొకమే చూస్తా నవ్వుతాండాడు.

పొంగలి పొంగిందో లేదో, తిన్నారో లేదో, దబదబా సర్దుకోని కారెక్కినారు. చెంచులత్త కారు వెనకాలకు పోయి నిలబడింది. రా అత్తా అని ఒక్కరన్నా అనలేదు. తలుపులేసుకున్నారు. డిక్కీ దానంతట అదే దబ్‌మనింది, కారు దిగింది. గర్రుగర్రుమని పోయి పోయి దారికడ్డం పారే వంక కాడ పెద్ద రాయి మీద బండి కడుపు ఆనుకునేసింది. చక్రాలు ఊరికే తిరుగుతాండాయి, బండి కదల్దు. అందరూ దిగినారు. అందరూ దిగినా కారు లేవలేదు చూడు! ఖాళీ కారు, ముందర పైకుండాది, వెనక అట్లనే కుంగిండాది. గంగులు, "బావా, దించేయ్ బావా, నీకు దండం పెడతా" అంటాండాడు. ఈశ్వరి అమ్మ కోకలో మొకం దాచుకునింది. ఓబులేసు పోయి డిక్కీ మీద చెయ్యి పెట్టినాడు. రేకు వెచ్చగా ఉండాదంట, మనిషి ఒళ్ళు మాదిరి. అప్పుడు వాడు ఏమనుండాల? నా సీట్లో కూసో అత్తా, నేను నడిచొస్తా అనుండాల. భయం మనిషిని ఏమైనా చేయిస్తాదబ్బా. వాడు ఏమన్నాడంటే, "అత్తా, దిగు. ఈడ దిగిపో" అన్నాడు. కారు ఉస్సురుమని లేచింది. ఎక్కి వచ్చేసినారు. అద్దంలో చూస్తే ఆయమ్మ దారి నడిమధ్య నిలబడుండాదంట, ఎంట్రుకలున్న కొంగు రెండు చేతుల్తో పట్టుకోని. పిలవలేదు. చెయ్యి ఊపలేదు. కారు మలుపు తిరిగేదాకా చూస్తా ఉండిపోయింది.

ఇంటికి వచ్చి చూస్తే మాబున్ని అరుగు మీద చెంచులత్త కూసోనుండాది. చేతిలో ఒక శనక్కాయ ఉండాది, వలవలేదు. కండ్లు తెరుచుకోనుండాయి, చూపు లేదు. మాబున్ని తల బాదుకుంటాంది. "ఇప్పటి దాకా మాట్లాడతాండెనప్పా. కోడికి గింజలేయమని చెప్తా చెప్తా మాట మధ్యలో ఆగిపాయ." పిలిస్తే పలకదు. తినిపిస్తే మింగుతాది, చెయ్యి పట్టుకుంటే నడుస్తాది, ఇడిస్తే ఇడ్సిన కాడనే నిలబడుకుంటాది. పెద్దాసుపత్రికి తీసకపోయినారు, పచ్చవాతం కాదు, తలలో ఏమీ లేదు, అన్నీ బాగుండాయి అన్నారంట. అన్నీ బాగుంటే మనిషి ఏదబ్బా? ఆయమ్మ చంక దిగని చంటోడు ఇప్పుడు ఆయమ్మను చూస్తే జడుసుకోని ఏడుస్తాడు. ఓబులేసుకు అన్నం సహించదు. అద్దంలో చూసిందే కండ్ల ముందర. మోటారు చుట్టబోతే తీగ చేతిలో తెగిపోతాది. ఒక రోజు మోటరు సైకిలు మీద వంక కాడికి పోయి అరిచినాడు, ఎవురూ రాలేదు. ఇంగోరోజు కారేసుకోని పోయి డిక్కీ తెరిచిపెట్టి నిలబడినాడు, పొద్దు వాలేదాకా. ఆకు కూడా కదల్లేదంట.

మాబున్నికి చెప్పుకోని ఏడ్చినాడు. జరిగిందంతా చెప్పినాడు, నవ్విన సంగతి కూడా దాచలేదు. మాబున్ని అంతా వినింది. "డిక్కీ తెరిచి పిలిస్తే ఎవురొస్తారప్పా, కుక్కను పిలిచినట్టు?" అనింది. "మనిషిని పిలవాలంటే కూసోనేదానికి చోటు చూపించాల." ఓబులేసు ఆ మాటకు తల వంచుకోని ఇంటికి పోయినాడు. వారం తిరక్కుండానే చిన్న కారు అమ్మేసినాడు. ఎత్తుబండి, ఏడు సీట్లది, రాళ్ళల్లో కడుపు తగలకుండా పోయేది, దానికోసం పోయినాడు. షోరూములో టై కట్టుకున్న అబ్బాయి, "సార్, మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగినాడంట. వీడు, "ఎంతమందైనా గానీ, ఎవురూ మిగలకూడదు" అన్నాడు. ముందర సీట్లో తానే ఎక్కి దిగి, ఎక్కి దిగి చూసినాడు, మోకాలు వంగాల్సిన పని ఉందా లేదా అని. కుర్చీలో కూసున్నట్టే ఉండాది. సరే అన్నాడు.

బండి ఇంటికొచ్చిన మరుసటి పొద్దున సుంకులమ్మను అత్త కాడ కూసోబెట్టి వాడొక్కడే బయల్దేరినాడు. కోన దారిలో రాళ్ళు రాళ్ళ మాదిరే ఉండాయి, బండికి ఒక్కటీ తగల్లేదు. వంక కాడ ఆపినాడు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, ఎడమ పక్క ముందర తలుపు తెరిచినాడు. ఎదురుగా ఎవురూ లేరు. అయినా చేతులు కట్టుకోని నిలబడి చెప్పినాడంట. "అత్తా, మొక్కు నీది. బిడ్డ నీ బిడ్డ. నిన్ను ఇడ్సిపెట్టి పోతి, పోయింది చాలక నవ్వితి, నవ్వింది చాలక అడవిలో దించితి. ఇదో ముందర సీటు. ఎక్కత్తా, ఇంటికి పోదాం." కొంచేపటికి సీటు మెత్త మెల్లగా దిగింది. వాడు తలుపు నెమ్మదిగా ఏసి, వచ్చి కూసోని బండి కదిలించినాడు. బండి కుయ్ కుయ్ కుయ్ అని అరుస్తాంది. బెల్టు పెట్టుకోకుంటే అరుస్తాది గదా ఈ కొత్త బండ్లు. మనిషి బరువు సీట్లో ఉంటేనే అరిచేది, ఖాళీ సీటుకు అరవదు. ఓబులేసు చెయ్యి చాపి బెల్టు లాగి పెట్టినాడు. అరుపు ఆగింది. బెల్టు సీటుకు అంటుకోలేదంట, ఎదురుగా గాల్లో ఉబ్బెత్తుగా నిలబడింది. దారంతా వాడే మాట్లాడినాడు. చిన్నప్పుడు జాతరలో తాను తప్పిపోయింది, ఆయమ్మ వెతికింది, కొట్టింది, మళ్ళీ ఏడ్చింది, అన్నీ చెప్పినాడు. ఆయమ్మ కాడ ఎప్పుడూ వక్కాకు వాసన గదా, ఆ వాసన వస్తాదేమోనని చూసినాడు. రాలేదు. పచ్చి ఆకు వాసన, తడిమట్టి వాసన వచ్చింది. కోనలో అన్ని దినాలు ఉండె గదా, అందుకేలే అనుకున్నాడు.

ఇంటి ముందర బండి ఆపేకి వాకిట్లో చెంచులత్త నిలబడుండాది, చంకలో చంటోడు. కండ్ల నిండా చూపుంది. "ఏమిరా, పొద్దన్నుంచి యాడికి పోయినావు చెప్పకుండా?" అనింది. ఓబులేసు పరిగెత్తి కాళ్ళు పట్టుకున్నాడు. "వచ్చినావా అత్తా, వచ్చినావా" అని ఏడుస్తాండాడు. సుంకులమ్మ కండ్లు తుడుచుకుంటా, "నువ్వు బండి తీసి మన వీధి మలుపు తిరిగినావో లేదో, లేచి కూసోని కాఫీ అడిగింది" అనింది. ఓబులేసు ఏడుపు అట్లనే ఆగిపోయింది. వీధి మలుపు తిరిగినావో లేదో. అప్పటికి వాడు ఊరు కూడా దాటలేదు గదా. మెల్లగా తల తిప్పి బండి వైపు చూసినాడు. తలుపు ఏసుండాది, బెల్టు ఉబ్బెత్తుగానే ఉండాది. చెంచులత్త కూడా అటే చూస్తాంది, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకోని. "ఎవర్రా ఆయమ్మ, ముందర కూసోనుండేది? మనిషిని పిల్చుకొచ్చి ఎండలో కూసోబెడతారా ఎవురన్నా? దిగమను, అన్నం తిని పోతాది" అనింది.

ఓబులేసు పోయినాడు. పోక ఏం చేస్తాడు? తలుపు తీసినాడు, బెల్టు తీసినాడు, "దిగమ్మా, ఇల్లొచ్చింది" అన్నాడు. మెత్త పైకి లేచింది. చెంచులత్త ఒక విస్తరి ఎక్కువేసి అన్నం పెట్టింది. దాంట్లో అన్నం ఎవురు తిన్నారని నన్నడగొద్దు, విస్తరి ఖాళీ అయ్యిందంటారు, అంతవరకే నాకు తెలుసు. ఆ కోన దారిన ఎన్నేండ్ల నుంచి చిన్న కార్లు పోతాండాయో, ఎవురెవురు ఎవురెవుర్ని దించిపోయినారో ఎవురికెరుక. ఇప్పుడు కోనపల్లెకు పోయి చూడండి, ఇల్లిల్లుకూ ఎత్తుబండే. ఎందుకబ్బా అంటే దారి బాగలేదంటారు, సామాన్లంటారు, పైన కూసుంటే దూరం కనపడతాదంటారు, పిల్లాజెల్లా అంటారు. అవీ నిజాలే, అబద్ధం అని నేననను. షోరూమోళ్ళేమో ఆ ఊర్లో పంటలు బాగా పండినాయి అనుకుంటారంట. అనుకోనీ. మీ ఇంట్లో ఎంతమంది అని వాళ్ళు అడుగుతారు, మనోళ్ళు ఒకర్ని ఎక్కువేసి చెప్తారు.