అగ్గిపెట్టెలో పటాలం

వనపర్తి బస్టాండు ముందు ఖాజా మియా చాయ్ బండి దగ్గర మధుసూదన్ సారు నోరు తెరిచాడంటే చేతిలో చాయ్ చల్లారాల్సిందే. పాతకాలపు యుద్ధాల మీద పెద్ద చదువే చదివినా, ఇన్నేళ్ళూ గెస్టు లెక్చరరుగానే ఉండిపోయాడు. ఆ రోజు హైదరాబాదులో పర్మినెంటు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఇది తప్పితే వయసు దాటిపోతుంది. లోపల భయంగా ఉంది, అందుకే నోరు మరింత జోరుగా నడుస్తోంది.

"మొదలు గద్వాల కోట దిక్కు నాకొక రాతి గుండు దొరికింది మియా. చేతిల పట్టుకొని, ఎవడు ఇసిరిండో, ఏ పొద్దు ఇసిరిండో చెప్పిన."

"ఏం తిని ఇసిరిండో గూడ చెప్పినవా సారూ?" అంది బెంచీ మీద మూటతో కూర్చున్న ముసలామె సుల్తానాబీ. ఆమెదీ హైదరాబాదు ప్రయాణమే.

"జొన్నరొట్టె. గా ముచ్చట ఏడు సముద్రాల అవతల ఒక రాజ్యం దాక పాకె. ఆడి సేనాపతి నాకోసం ఇమానం పంపిండు. ఎందుకో ఎర్కనా? డేరాలు మోసి మోసి వాళ్ళ సిపాయిల నడుములు పడిపోయినయంట. వెనుకట మన దిక్కు సైన్యాలకు గద్వాల చీరలే డేరాలని చెప్పి, అగ్గిపెట్టెలకెల్లి ఒక చీర తీసి దులిపిన. పటాలానికి పటాలం దాని కింద పండె. ఏనుగులు గూడ."

"ఏనుగులు ఏడికెల్లొచ్చె?" అన్నాడు ఖాజా మియా.

"యుద్ధమన్నంక ఏనుగులుండవా? జర ఇను. తెల్లారెటాలకు దుశ్మన్లొచ్చిరి. చీర గబగబ మడతపెట్టి, అగ్గిపెట్టెల దోపి, జేబుల ఏస్కున్న. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోపలోళ్ళను లేపుడు మర్చిపోయిన. దుశ్మన్లు చూస్తే ఏముంది, ఖాళీ మైదానం, నడుమ నేనొక్కన్ని. పరేషానై మర్లిపోయిరి. పటాలం ఇప్పటికీ నా జేబులనే ఉన్నది. చెవి పెడితే ఏనుగు గురక ఇనొస్తది."

ఈలోగా హైదరాబాదు బస్సు వచ్చింది. జనం కిటికీల్లోంచి చేతిరుమాళ్ళు, సంచులు విసిరి సీట్లు ఆపుకున్నారు. సుల్తానాబీ కూడా లేచివెళ్ళి తన దస్తీ వేసి, మూట కోసం తిరిగొచ్చింది. బస్సుకు వీపు పెట్టి నిలబడ్డ సారు ఇదేమీ చూడలేదు.

"సారూ," అంది ఆమె మూట ఎత్తుకుంటూ, "జేబుల గంత పటాలముండె గద. ఒక్క సిపాయిని లేపి సీటు మీద దస్తీ ఎయ్యమనకపోతివి?"

సారు వెనక్కి తిరిగాడు. సీట్లన్నీ నిండి, జనం ఒకరి మీద ఒకరు నిలబడి ఉన్నారు.

"ఎక్కు సారూ, నా మూట మీద కూసుందువు," అంది సుల్తానాబీ. "గని ఇంటర్వ్యూల మాత్రం ఏనుగులను బయటికి తియ్యకు."