రెండో సెక్షన్ పడవ

ఏమే, గళ్ళ కాగితం ముందేసుకుని అలా తల పట్టుక్కూర్చున్నావు, ఏమొచ్చింది? మూడు, రెండు దగ్గర చుక్క పెట్టమంటే పిల్లలు రెండు, మూడు దగ్గర పెడుతున్నారా? ఓస్, అంతేనా. కొత్తగా బళ్ళో టీచరుగా చేరావు గనక నీకు వింతగా ఉంది గానీ, ఏడో తరగతి అన్నది పుట్టినప్పట్నించీ అడ్డం నిలువవుతూనే ఉంది, నిలువు అడ్డమవుతూనే ఉంది. పిల్లల తప్పేం కాదది. రెండంకెల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, మధ్యలో ఓ కామా గుచ్చి, ఇందులో ముందెటు వెళ్ళాలో చెప్పరా అంటే వాడికేం కలొచ్చిందా? కాస్త ఇటు జరుగు. నీకు మా గళ్ళచొక్కా మాస్టారి సంగతి ఎప్పుడైనా చెప్పానా? లేదూ? అదేంటి, చెప్పాననే అనుకున్నానే. ఆయన పోయి చాలా ఏళ్ళయిందిలే. నీకెలా తెలుస్తుంది, మీ అమ్మకే సరిగ్గా గుర్తుండి ఉండదు.

ఆయన మా బళ్ళో లెక్కలు చెప్పేవారు. నేను పక్క గదిలో భాష చెప్పేదాన్ని. మధ్య గోడ పల్చన. నా పద్యాలు ఆయనకీ, ఆయన లెక్కలు నాకూ వద్దన్నా వినపడేవి. ఆయన నా వల్ల సంధులు నేర్చుకున్నారో లేదో తెలీదు గానీ, నేను మాత్రం ఆయన పుణ్యమా అని ముప్ఫై దాటాక లెక్కలు నేర్చుకున్నాను. సన్నటి మనిషి, చొక్కా మాత్రం ఇద్దరు దూరేంత వదులు, వారమంతా గళ్ళే. వాళ్ళావిడ అనేది, ఈయనకి బట్ట కొనడం ఎంత సుళువో వదినా, రంగు చూడక్కర్లేదు, ధర అడగక్కర్లేదు, గళ్ళున్నాయా అంటే చాలు అని. ఆవిడా మంచి మాటకారి. ఆవిడ సంగతి మళ్ళీ చెప్తాను, ఇప్పుడు మొదలెడితే తెల్లారిపోతుంది.

ఎక్కడున్నాను? ఆ, చొక్కా. ఈ పాఠం మొదలెట్టిన రోజు ఆయన బోర్డు జోలికే పోలేదు. పిల్లల ముందు నిలబడి, పొట్ట మీది గుండీ పట్టుకుని, ఇదీ సున్నా, ఇక్కణ్ణించి కుడికి రెండు గళ్ళు, పైకి మూడు, ఎవరొచ్చి వేలు పెడతారు అన్నారు. ఇంకేముంది, గదంతా సంతయిపోయింది. సగం మంది జేబు వైపంటారు, సగం మంది కాదు ఇటంటారు. ఎవరి కుడి? మాస్టారి కుడా, మన కుడా? ఆయనకి కావలసిందీ అదే. గిర్రున వెనక్కి తిరిగి, ఒకణ్ణి పిలిచి, వీపు మీద సుద్దముక్కతో చుక్క పెట్టించుకుని, ఇప్పుడు మీ కుడీ నా కుడీ ఒకటే, చెప్పండి అన్నారు. ఆ చుక్కతోనే సాయంత్రం దాకా బడంతా తిరిగారు. మేం నవ్వితే, దులపకండి, అది మూలబిందువు, మా సున్నా అనేవారు. ముందు ఎటన్న పేచీ తీర్చడానికి కూడా ఆయనకో మాటుండేది. ముందు నడువు, తర్వాత ఎక్కు, మెట్ల దాకా నడవకుండా మేడెక్కినవాణ్ణి చూశావట్రా అని. సున్నా దాటి ఎడమకి నడిచినా మైనస్సే, కిందికి దిగినా మైనస్సే. అంతే, పాఠం అయిపోయింది. రాసుకుంటావా? రాసుకో.

అయితే ఆయన చెప్పేది ఎవరికనుకున్నావు, రెండో సెక్షన్‌కి. మార్కులు తక్కువొచ్చినవాళ్ళు, ఏడాది మధ్యలో చేరినవాళ్ళు, నోరు ఊరుకోనివాళ్ళు, అందర్నీ ఊడ్చి పోసిన గది అది. అందులో ఓ పిల్లుండేది, ప్రశ్నల పుట్ట అని పేరు. నా క్లాసులో కూడా, టీచర్, అచ్చు ముందెందుకు, హల్లు తర్వాతెందుకు అని ప్రాణం తీసేది. మొదటి సెక్షన్‌లోంచి దాన్ని ఇటు తోసింది కూడా ఆ ప్రశ్నలు పడలేకే. ఇదిలా ఉండగా ఓ రోజు మా పెద్దమేడమ్ అందర్నీ పిలిచి, వచ్చే ఏడాది నించి రెండో సెక్షన్‌కి కూడికలూ గుణకారాలూ చాలు, గ్రాఫులూ బీజగణితం తీసేస్తున్నాం, ఆ గంటలో కుట్టుపనీ అట్టపనీ చేయిద్దాం అన్నది. చెడ్డమనిషి కాదే ఆవిడ. గీత గీసిందంటే గీతే, అంతే. కానీ ఏడులో ఆ లెక్కలు పోతే ఎనిమిదిలో అందవు, ఎనిమిదిలో అందకపోతే ఇక జన్మలో అందవు. అది అక్కడున్న అందరికీ తెలుసు. నేనూ నోరెత్తలేదు, మిగతావాళ్ళూ ఎత్తలేదు. గళ్ళచొక్కా మాస్టారొక్కరే లేచి, వాళ్ళకి వచ్చు మేడమ్, నేల మీద గ్రాఫు గీస్తాను, పిల్లలే చుక్కలుగా నిలబడతారు, మీరే పరీక్ష పెట్టి చూడండి అన్నారు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే, ప్రశ్నలు నావి, మీరు పెదవి కదపకూడదు, ఒక్కరు తప్పినా నా మాటే ఖాయం అన్నది.

ఆ సాయంత్రం ఆయనకి ముద్ద దిగలేదట. వాళ్ళావిడ పక్కన కూర్చుని, ఇంతకీ ఆ పిల్లలకి వచ్చినట్టా రానట్టా అనడిగిందట. వచ్చింది అన్నారట. అయితే మీరు తినకపోతే వాళ్ళకేమన్నా ఎక్కువొస్తుందా, తినండి అన్నదట. తిన్నారట.

మర్నాడు పొద్దున్నే వచ్చి, ఆటల మాస్టారి దగ్గర సున్నం పొడి అడిగి, బడి మధ్య ఖాళీ స్థలంలో ఇంత పొడుగు అడ్డగీత, ఇంత పొడుగు నిలువుగీత గీసి, ప్లస్ వైపు చివర బాణం గుర్తులు పెట్టి, అడుగడుక్కీ అంకెలేశారు. గదుల ముందు మెట్లున్నాయే, పిల్లలంతా అక్కడే గుమిగూడతారు కదా, అటునించి చూస్తే సరిగ్గా కనపడేట్టు గీశారు. పెద్దమేడమ్ గదేమో ఎదురుగా, అవతలి వైపు, మేడ మీద. ఆవిడ అక్కణ్ణించి చూస్తుందన్న ఆలోచన ఆయనకి తట్టలేదు. లెక్కలు తెలిసినవాడే, చూడు, ఆదమరిస్తే అంతే.

ఆవిడ ముందే గ్రాఫు మీద ఓ పడవ బొమ్మ గీసుకుని, దాని మీది చుక్కల్ని చీటీలుగా రాసి తెచ్చింది. పిల్లల్ని తనే ఏరింది, తలో చీటీ ఇచ్చింది, పైకెళ్ళి వరండా రెయిలింగ్ పట్టుకుని నిలబడింది. ఇక కానివ్వండి అన్నది. మొదటి సెక్షన్ వాళ్ళు మెట్ల మీద కూర్చుని చోద్యం చూస్తున్నారు. ఒక్కొక్కళ్ళే సున్నా దగ్గరికి రావడం, లోపల్లోపల గొణుక్కుంటూ ముందు అడ్డంగా నడవడం, తర్వాత పైకో కిందికో వెళ్ళి నిలబడడం. ఒక బొద్దబ్బాయికి సున్నా, సున్నా చీటీ వచ్చింది. వాడు చీటీని అటూ ఇటూ తిప్పి చూసుకుని, ఇంతేనా అన్నట్టు మొహం పెట్టి, వచ్చినచోటే ఉండిపోయాడు. మెట్ల మీంచి చూస్తే ఎంత చక్కగా ఉందనుకున్నావు, కింద పడవ, మధ్యలో కొయ్య, పక్కన తెరచాప. మాస్టారు ఊపిరి పీల్చుకున్నారో లేదో, పైనించి ఆవిడ గొంతు.

"మాస్టారూ, మీ పడవ బోర్లా పడింది."

మెట్ల మీద ఒకటే నవ్వు. ఏం జరిగిందో మాస్టారికి చటుక్కున అర్థమైంది, కానీ పెదవి కదపనని మాటిచ్చారాయె. ఆవిడ అప్పటికే వెనక్కి తిరగబోతోంది. ఏడాది చదువు, ఆ గదిలో పిల్లలందరి చదువూ ఆవిడ మడమ మీద తిరుగుతోందనుకో. అప్పుడు తెరచాప కొసన నిలబడ్డ పిల్ల చెయ్యెత్తింది. ఎవరనుకున్నావు, ప్రశ్నల పుట్ట.

"మేడమ్, ఒక్కటడుగుతాను. పైకి అనే బాణం మీ వైపుందా, మెట్ల వైపుందా?"

ఆవిడ కిందికి వంగి చూసింది. నా వైపే ఉంది అన్నది. అయితే మీరు బాణం కొస నించి చూస్తున్నారు, మా పై మీకు కింద, మా కుడి మీకు ఎడమ, పడవ బానే ఉంది మేడమ్ అన్నదా పిల్ల. ఆవిడ ఓసారి బాణం కేసి, ఓసారి మెట్ల కేసి చూసింది. తర్వాత, సరే, నేను ఇక్కణ్ణించి కదలను, నాకిక్కణ్ణించే సరిగ్గా కనపడాలి, ఏం చేస్తారో చెయ్యండి అన్నది. పిల్ల చుట్టూ చూసింది. అందరూ రెండంకెల ముందూ గుర్తు మార్చుకోండి, ప్లస్ ఉంటే మైనస్, మైనస్ ఉంటే ప్లస్ అని కేకేసింది. ఒక్కసారిగా అందరూ కదిలారు. సున్నా పక్కనించి ఒకళ్ళనొకళ్ళు తప్పుకుంటూ ఎదురెదురు చోట్లకి వెళ్ళిపోయారు. పైనించి పడవ నిటారుగా లేచి నిలబడింది.

ఆవిడ ఊరుకుంటుందా. ఆ మధ్యలో అబ్బాయి కదల్లేదే, వాడొక్కడూ తప్పినట్టే కదా అన్నది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. బొద్దబ్బాయి మాత్రం తల గోక్కుని, "నాకు మైనస్ పెట్టినా ప్లస్ పెట్టినా నేను సున్నానే కదా మేడమ్, ఎక్కడికెళ్ళమంటారు" అన్నాడు. ఈసారి మెట్ల మీద నవ్వు వేరే రకంగా వచ్చింది.

పెద్దమేడమ్ మెట్లు దిగి వచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి, ఇటు మొదటి సెక్షన్ పిల్లల పక్కకొచ్చి నిలబడి చూసింది. ఇటునించి పడవ ఇప్పుడు తలకిందులుగా ఉంది కదా మరి. ఎంతసేపు చూసిందో. మాస్టారికైతే అది ఓ యుగమట. చివరికి ఆవిడ గొంతు సవరించుకుని, రెండో సెక్షన్, రెండు గుర్తులూ మార్చుకోండి అన్నది. వాళ్ళ భాషలోనే అన్నది, చూశావా. వాళ్ళు మళ్ళీ నడిచారు. పడవ మళ్ళీ లేచింది, మెట్ల మీది పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను, నా చేతులు మండేదాకా.

ఆవిడ మాస్టారి వైపు తిరిగి, పాఠం ఉంటుంది, మొదటి సెక్షన్‌కి కూడా మీరే చెప్పండి, ఈ గీతలు మాత్రం ఎవరూ చెరపొద్దని ఆటల మాస్టారితో చెప్పండి అన్నది. ఆయన అలాగే తలూపుతూ నిలబడ్డారు. బడి గంట కొట్టినా ఆ పిల్లలు వాళ్ళ వాళ్ళ చోట్లు వదిలితేనా. ఎండలో అలాగే నిలబడ్డారు, ఒక్కొక్కళ్ళూ ఇంతెత్తున. ఆ రోజు ఆయన కళ్ళల్లో...

ఆ పెన్సిలిటియ్యి. ములుకు విరిగింది, చెక్కిస్తాను.