రాకర్లు చాలు

ఆగస్టు మధ్యాహ్నం. అయోవాలో, మొక్కజొన్న చేల పక్కన వెండెల్ ఇంజన్ల షెడ్డు. ట్రైలర్ మీంచి దించిన రేసు కారు ముందు వెండెల్, అతని బావమరిది క్లింట్.

"రాకర్లు చాలన్నాను కదరా."

"చాలవు బావా. క్యామ్ మార్చాల్సిందే."

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఇప్పుడున్నవి వాల్వుల్ని ఒకటికి ఒకటిన్నర నొక్కే రాకర్లు. అవి తీసి ఒకటి పాయింట్ ఆరువి బిగిస్తాను. క్యామ్ కడ్డీ మీది బొడిపెలు కింద నుంచి ఎంత నెడతాయో అంతే నెడతాయి, పైన వాల్వు మాత్రం ఇంకాస్త ఎక్కువ తెరుచుకుంటుంది. గాలి ఎక్కువ పోతుంది, బలం పెరుగుతుంది. పై మూతలు రెండూ విప్పితే చాలు. పొద్దు వాలేలోపు బండి మళ్ళీ ట్రైలర్ ఎక్కించొచ్చు."

"ఎంత పెరుగుతుంది?"

"పది గుర్రాల బలం. పన్నెండనుకో."

"పన్నెండు! ఆ ట్రావిస్ గాడు నా పక్కనించి పోతుంటే నేను కోత మిషను మీద కూర్చున్నట్టుంటోంది. దానికి పన్నెండు గుర్రాలు కట్టి తోలుకోమంటావా?"

"మరి క్యామ్ అంటే మాటలా? రేడియేటర్ దించాలి. నీళ్ళ పంపు విప్పాలి. ముందు మూత తియ్యాలి, చైను తియ్యాలి, పైన మ్యానిఫోల్డ్ లేపాలి. అప్పుడు గానీ ఆ కడ్డీ బయటికి రాదు. కొత్తది వేశాక ఇరవై నిమిషాలు ఆపకుండా ఇంజన్ పరిగెత్తించాలి. అందులో ఏ కాస్త తేడా వచ్చినా బొడిపెలు అరిగిపోయి నూనె నిండా ఇనప పొడే. నాకు అరవై తొమ్మిదేళ్ళు. నా నడుం సంగతి నీకు తెలుసు."

"నీ నడుం సంగతి తర్వాత బావా, హార్లన్ సంగతి చెప్పు. బండి మీదున్న పేరు ఆయనది, ఖర్చులకి డబ్బూ ఆయనదే. తన దాణా మిల్లులో నలుగురి ముందూ అనేశాడు. ఇంకా మూడే రేసులున్నాయి, మీ బావ చేత పెద్ద క్యామ్ వేయిస్తావా, ఇంజన్ ఇంకొకడి చేత విప్పించమంటావా అని."

"ఇంకొకడంటే?"

"పక్క కౌంటీలో ఎవడో ఉన్నాట్ట."

"విప్పాల్సిన పనేముంది? ఇంకొకడెందుకు విప్పాలి?"

"నేనూ అదే అన్నాను. మా బావే చూస్తాడన్నాను."

"ఊఁ. స్టార్ట్ చెయ్యి, ఒకసారి విందాం."

"బ్యాటరీ లేదు."

"రేసు కారు తెచ్చి బ్యాటరీ తేలేదా?"

"ఛార్జింగులో పెట్టి మర్చిపోయాను."

"నా ట్రక్కుది తీసి పెడతాను, ఉండు."

"వద్దులే బావా. వినాలనుంటే రేసు మైదానానికి రావాల్సింది. ఈ ఏడు ఒక్క శనివారమైనా వచ్చావా? ఇరవై రెండేళ్ళు నా వెనకే ఉన్నావు. టైర్లలో గాలి కూడా నువ్వే చూసేవాడివి. ఈ ఏడు మొహం చూపించలేదు."

"మీ అక్కకి ఒంట్లో బావుండటం లేదు."

"అక్క మొన్న చర్చిలో రెండొందల మందికి కోడి వేయించింది."

"అందుకే బావుండలేదు."

"బావా."

"చూళ్ళేనురా. సరేనా? పోయిన సెప్టెంబరులో నాలుగు పల్టీలు కొట్టి కంచె మీద పడ్డావు. నేను పరిగెత్తుకొస్తుంటే నీ చెయ్యి కిటికీలోంచి బయటికి వేలాడుతోంది. అది కదుల్తుందా కదలదా అని చూసుకుంటూ ఆ మైదానమంతా పరిగెత్తాను. మళ్ళీ ఆ మెట్ల మీద కూర్చుని చూడమంటే నా వల్ల కాదు."

"పదకొండు రోజులు ఆసుపత్రిలో పడుకున్నది నేను."

"పక్కన కూర్చున్నది నేను. మానేస్తే ఏమవుతుందిరా? నలభై ఆరేళ్ళొచ్చాయి. తోలినంత తోలావు. గెలిచినంత గెలిచావు."

"పల్టీ కొట్టాడు, భయపడి మానేశాడంటారు."

"అననీ."

"ఆ మాట నువ్వు పడతావేమో బావా, నేను పడలేను. మా నాన్న తోలాడు ఆ మైదానంలో. కాలు విరిగితే కట్టుతోనే తోలాడు. రేపు ఏ కొట్టుకెళ్ళినా, ఏ పెళ్ళికెళ్ళినా, నన్ను చూడగానే ఆ మాటే గుర్తొస్తుంది జనానికి. నాకొద్దు అది."

"సరే, సరే. ఎన్నో స్థానంలో వస్తున్నావిప్పుడు?"

"తొమ్మిది. పోయిన వారం పదకొండు."

"పోయినేడాది పల్టీ కొట్టేలోపే ఏడు రేసులు గెలిచావు."

"అదే కదా నేను చెప్పేది. తోలేవాడు వాడే. బండి అదే. లాగటం లేదంటే ఇంజన్‌దే కదా తప్పు?"

"ఆడలేక మద్దెల ఓడందిట వెనకటికొకత్తె. ఒరే, ఊరికే అన్నాను. మొహం అలా పెట్టకు. నిన్ను కాదు. ఇంజన్‌లోనే ఉంది తప్పు, నాకు తెలుసు."

"నీకు తెలుసా?"

"అంటే, నువ్వు చెప్తున్నావుగా."

"ఊళ్ళో ఏమనుకుంటున్నారో కూడా తెలుసా?"

"చెప్పాలా? పొద్దున కాఫీ బల్ల దగ్గర నేను కూర్చోగానే మాట మారుస్తున్నారు. పోయిన చలికాలం ఎనిమిది ఇంజన్లు కట్టాను. వచ్చే చలికాలానికి ఒక్కడంటే ఒక్కడు అడిగాడు. వాడు కూడా నిన్న ఫోన్ చేసి, కాస్త ఆలోచించుకుంటాను వెండెల్ అన్నాడు. సొంత బావమరిది బండే లాగకపోతే బయటివాడు పని ఎందుకిస్తాడు?"

"నేనెవరితోనూ..."

"ఏమీ అనలేదంటావు."

"అడిగితే ఏం చెప్పను బావా? లాగటం లేదన్నాను. అంతే."

"తప్పేముంది? ఉన్నదే చెప్పావు. లేత్ మిషను అమ్ముతానని కాగితం రాసి దాణా మిల్లు గోడకి అంటించాను. చూడలేదా?"

"చూశాను."

"చూసి అడగలేదేం?"

"ఏమని అడగను? అమ్మకు బావా."

"ఉంచుకుని ఏం చెయ్యను, బట్టలారేసుకోనా? అటు జరుగు. ఆ బకెట్టు ఇలా ఇవ్వు."

"ఎందుకు?"

"రేడియేటర్ నీళ్ళు వదుల్తాను. క్యామ్ మారుస్తానులే. ఓపిక అయిపోయిందిరా నాకు. మే నుంచీ నువ్వడగటం, నేను కాదనటం. ఈ షెడ్డులో ఇంకో పాట లేదు. హార్లన్ ముచ్చటా తీరుతుంది, నీ ముచ్చటా తీరుతుంది."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

"ఈ ఎండలోనా? నీ నడుం..."

"నా నడుం తర్వాతన్నావుగా. బకెట్టు."

"బావా."

"ఏంటి?"

"రాకర్లు చాలేమో."

"ఏమన్నావ్?"

"రాకర్లు. పన్నెండు గుర్రాలంటే తక్కువేం కాదుగా, ఆలోచిస్తే."

"గంట నుంచీ నా బుర్ర తిని ఇప్పుడా ఆలోచించేది?"

"నువ్వన్నదే నిజం. పై మూతలు రెండూ విప్పితే చాలు. ముందు వైపు కదిలించక్కర్లేదు. ఎందుకొచ్చిన గొడవ?"

"హార్లన్ మాటో?"

"క్యామ్ మార్చామనే చెప్దాం. ఆయనకి దాణా తప్ప ఏం తెలుసు?"

"నీకు ఎండదెబ్బ తగిలిందా?"

"లేదు బావా. నిజంగానే. రాకర్లు చాలు. అదిగో, అక్క వస్తోంది."

"ఇదిగో, చల్లటి టీ తెచ్చాను. తమ్ముడూ, మొక్కజొన్న పొత్తులు ఉడుకుతున్నాయి, తిని వెళ్ళు. అదేంటయ్యా వెండెల్, ఆ బకెట్టు ఎందుకు?"

"ఏం లేదు లొరీన్. నువ్వు లోపలికెళ్ళు."

"రేడియేటర్ కింద పెట్టావేం? రాకర్లతో సరిపెడతానన్నావుగా? ముందు వైపు విప్పనన్నావుగా?"

"లొరీన్."

"విప్పితే వాడు చూడడూ?"

"లొరీన్!"

"ఇప్పుడు నేనేమన్నాననీ? టీ ఇక్కడ పెట్టాను. ఈగలు పడకుండా చూసుకోండి."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది."

"నోట్లో నువ్వు గింజ నానదు మీ అక్కకి."

"ఏం చూస్తాను బావా, విప్పితే?"

"ఏం లేదన్నాగా."

"అక్కకి రాకర్లంటే ఏంటో ఎప్పట్నించి తెలుసు?"

"కూర్చో."

"నిలబడే వింటాను."

"కూర్చోరా, ఆ టైరు మీద. నువ్వు నా నెత్తి మీద నిలబడితే నేను చెప్పలేను. జనవరిలో ఇంజన్ మళ్ళీ కట్టాను కదా. అప్పుడు నీ రేసు క్యామ్ తీసేశాను. మీ నాన్న పాత పికప్‌లోది, గడ్డి మోపులు మోసిన బండిది, అది వేశాను. ఎంత తొక్కినా అది సగం దాకా లాగి ఊపిరి వదిలేస్తుంది. మీ అక్కే అడిగింది. వాడు ఆపమంటే ఆపడు, నువ్వు బండినే ఆపు అంది. ఆవిడ అడగబట్టే చేశానని నేననను. నాకూ అదే కావాల్సొచ్చింది. నీ చెయ్యి అలా వేలాడుతుంటే చూసినవాణ్ణి. వెనకబడ్డవాడు ప్రాణాలతో ఇంటికొస్తాడులే అనుకున్నాను. అందుకే నువ్వు క్యామ్ అన్నప్పుడల్లా రాకర్లు, రాకర్లు అని నీ నోరు మూయిస్తూ వచ్చాను. నా పేరు పోతే పోనీ అనుకున్నాను. పోయింది కూడా. ఇంక తిట్టు."

"తిట్టను."

"తిట్టరా. ఆ స్పానర్ తీసి విసురు."

"టీ తాగు బావా."

"ఏడాదంతా నిన్ను నవ్వులపాలు చేశాను. నీ చేత చెత్త ఇంజన్ తోలించాను. కోపం రావడం లేదా నీకు?"

"రావడం లేదు."

"ఎందుకు రాదు? నాకైతే వచ్చేది. మీ నాన్నకైతే తుపాకీ దాకా వెళ్ళేది."

"వదిలెయ్ బావా. రాకర్లు కూడా వద్దు. ట్రైలర్ ఎక్కించేద్దాం."

"ఎక్కించడమేంటి? అంతా చెప్పేశాక ఇంకెందుకు దాపరికం? నీ క్యామ్‌ని నేనేం పారెయ్యలేదు. నూనె గుడ్డలో చుట్టి పై అరలో దాచాను. మళ్ళీ అదే వేసేస్తాను. చివరి మూడు రేసులైనా నీ బండి నీకుంటుంది. మీ అక్కకి నేను చెప్పుకుంటాను. ఆ నిచ్చెన ఇలా లాగు."

"వద్దు బావా."

"లాగవా? నేనే లాక్కుంటాను."

"బావా, ఎక్కకు. నీ నడుం..."

"చంపేశావురా నా నడుంతో. ఆఁ, ఇదిగో. పట్టుకో కింద. జాగ్రత్త, బరువు."

"దాన్ని విప్పకు బావా."

"ఎందుకు విప్పకూడదు? నేను చుట్టిందే కదా... ఉండు. ముడి ఇలా వెయ్యలేదే నేను."

"బావా."

"ఇదేంటి? ఇది నీది కాదు. దీని బొడిపెలు చూడు, పొట్టిగా. ఇది పికప్‌ది. ఇది ఇంజన్‌లో ఉండాలి కదరా. ఇది ఇక్కడుంటే అందులో ఏముంది?"

"నాదే."

"నీదా? రేసు క్యామా? ఎప్పట్నించి?"

"ఏప్రిల్ నుంచీ. మొదటిసారి మైదానంలో తిప్పగానే తెలిసిపోయింది, ఏదో చేశావని. ఇంటికెళ్ళి విప్పి చూశాను. ఈస్టర్ నాడు మీరంతా భోజనాల దగ్గరుంటే ఇక్కడికొచ్చి వెతికి, నాది పట్టుకెళ్ళి వేసుకున్నాను. తర్వాతి వారం దీన్ని అదే గుడ్డలో చుట్టి అక్కడ పెట్టాను. మొదటి రేసు గెలిచి ఫోన్ చేసి, ఆ పై అరలో చూసుకో బావా అందామనుకున్నాను."

"మరి అన్లేదేం?"

"గెలవలేదుగా."

"అంటే ఈ ఏడంతా ఇంజన్‌కి ఏమీ కాలేదా?"

"ఏమీ కాలేదు. నువ్వు కట్టిన వాటన్నిట్లోకీ మంచిదిది."

"మరి తొమ్మిదేంటి, పదకొండేంటి? ఎందుకు లాగటం లేదురా?"

"లాగుతోంది బావా. మలుపు కనపడగానే నేనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తున్నాను."