సూరు ఎత్తు

రాయకు మేడమ్మా. ఆ కాయితం మీద ‘తప్పు నాదే’ అని రాయకు. పొద్దుట్నుంచీ సూత్తన్నాను, కూలిన మా ఇంటి గోడకాడ కూసుని అదే రాత్తన్నావు. ఏటి, మీ కాలేజీకి అంపేత్తావా? అంపితే ఈ ఊళ్లో మిగిల్న పన్నెండిళ్లూ ఆపేత్తారు కదేటి!

మట్టి, తాటాకు, సరుగుడు కర్ర... మనూరి సరుకుతోనే ఇల్లు కడదామన్నావు. ‘ప్రొఫెసరమ్మొచ్చి పాకలు కడతాదట!’ అని అందరూ నవ్వేరు. నువ్వు మాత్రం గుమ్మం ఎటెట్టాల, పొయ్యి ఎక్కడెట్టాల, అన్నీ మమ్మల్నడిగే సేసేవు. బెస్తోళ్లని అంతలా ఎవులడిగేరు తల్లీ?

తుఫానొచ్చింది. ముందు కప్పు లేసిపోనాది, ఆనక వానకి గోడ నానిపోనాది. నాకేటీ అనిపించనేదు. నిజం! సంచీ పట్టుకుని తోడికోడలింటికెల్లిపోనాను. మా మావ, నా పెనిమిటి, పోయిన కాడ్నుంచీ నాకు ఏడుపే రాదు.

ఊళ్లో పాకలన్నీ నేసినోడు మావే కదా, ఇల్లు మొదలెట్టక ముందు సూరు ఎంతెత్తు ఎట్టాలో అడగడానికొచ్చినావు. ఆ రోజు మావ పలాసలో డయాలసిస్ మంచం మీదున్నాడు. నేను అడిగి సెప్తానన్నాను. అడిగేను కూడా.

“మొలెత్తు దాటనీకే. సముద్రం గాలి కిందనుంచి దూరితే కప్పు నిలవదు” అన్నాడు.

మర్నాడు నువ్వొత్తే ఏటి సెప్పేను? నిలువెత్తు ఎట్టమన్నాడన్నాను. గాలికి పర్లేదా అని రెండుసార్లడిగేవు. మావకి తెలీదేటి అన్నాను. కూర్మారావు గారి మాట అని పుస్తకంలో రాసుకున్నావు.

అలాగ సూడకు. డయాలసిస్ అయి ఇంటికొచ్చినోడు వంగలేకపోయీవోడు. పాత పాక సూరు కింద డేక్కుంటూ దూరీవోడు. పడవ నడిపినోడు తల్లీ, సొంతింట్లోకి డేక్కుంటూ! ఎన్నాళ్లు సూత్తాను?

కప్పు నేత్తన్నప్పుడు మావ వొచ్చి సూసేడు. సూరు కేసి సూసేడు, నా కేసి సూసేడు. తాటాకొకటి తీసి నేసీవోడికందించేడు.

రెండు నెల్లు. రెండంటే రెండే నెల్లు, నిటారుగా నడిసి ఇంట్లోకెల్లేడు.

కొట్టీ ఆ మాట. గౌరమ్మ అబద్ధం సెప్పిందని రాయి. మిగిల్న ఇళ్లకి మొలెత్తే ఎట్టు.

నా ఇంటి సంగతంటావా? మళ్లీ నన్నడిగినా నిలువెత్తే సెప్తాను.