కాళమ్మ తెచ్చిన ఇరవై అయిదు స్టెప్పులు

ఏంటే సుష్మా, ఆ పేపరు మీద అంత కసిగా సున్నా చుట్టావు? ఇలా తే. జవాబు సరిగ్గానే ఉందిగా! స్టెప్పులు లేవా? లేకపోతే కాపీయేనా? పిల్లని అడిగావా? అడగలేదు. టీచరుద్యోగం వచ్చి ఆర్నెల్లు కాలేదు, అప్పుడే నీకూ వీరరాఘవయ్య మాస్టారి జబ్బు అంటుకుంది. ఎవరా? నేను అండమాన్ దీవుల్లోని బాంబూఫ్లాట్‌లో టీచరుగా కొత్తగా చేరినప్పుడు అక్కడి లెక్కల మాస్టారు. ఆయనా పోయాడు, కాళమ్మా పోయింది, నా కోపం మాత్రం పోలేదు. పెన్ను కింద పెట్టి కూర్చో.

కాళమ్మ తొమ్మిదో తరగతి. జెట్టీ పక్కన ఇల్లు. వాళ్లమ్మ విసురువలలు అల్లేది, ఈ పిల్లా అల్లేది. విసురువల చూశావుగా, పైన ఇరుకు, కిందికి గొడుగులా వెడల్పు. వరసవరసకీ కళ్లు, అంటే దారం గళ్లు, పెంచుకుంటూ పోవాలి. ఇప్పుడు మెల్లిగా చెప్తాను, విను. పరీక్షలో ప్రశ్న ఇదీ: మొదటి పదం నలభై, తర్వాత ప్రతిదానికీ ఆరు పెరుగుతుంది, ఇరవై అయిదో పదం ఎంత? మాస్టారు బోర్డు మీద ఏం రాశాడో తెలుసా? ఇరవై అయిదు ఆర్లు నూట యాభై, నలభై కలిపితే నూట తొంభై! నవ్వకు. ఆయన నేర్పినట్టే క్లాసంతా పేపర్లో అదే రాసింది. కాళమ్మ కాగితం మీద ఒక్క అంకె, 184. సున్నా చుట్టాడు, నీలాగే. ఆ పిల్ల లేచి, "సార్, మొదటి వరస మొదలెట్టిందే నలభైతో. దానికి పెంచేదేముంది? ఇరవై అయిదు వరసలకి ఇరవై నాలుగు పెంపులే సార్" అంది. ఇంకేం కావాలే? వరస నంబర్లోంచి ఒకటి తియ్యి, ఆరుతో గుణించు, నలభై కలుపు. ఎన్నో వరసో చెప్తే ఎన్ని కళ్లో వస్తుంది. మీరు ఫంక్షన్ అని పేజీలు నింపుతారే, అదే. తిరగేసి అడిగినా చెప్పేది. నూరు కళ్లు ఏ వరసలో? నూట్లోంచి నలభై పోతే అరవై, అంటే పది పెంపులు, మొదటి వరసతో పదకొండు. సమీకరణం అంటే ఇంతేగా! ఆయనేమో, "చుప్! కిస్‌సే కాపీ కియా?" మా బడి హిందీ మీడియం, తిట్లూ హిందీలోనే. "ఎవర్ని చూసి కొడతాను సార్, అందరిదీ నూట తొంభయ్యే కదా" అంది. క్లాసు గొల్లుమంది. ఆయనకి కాలింది. "స్టెప్ కహా హై? స్టెప్ దిఖావ్!"

శని, ఆదివారాలు కూర్చుని ఆ పిల్ల వల అల్లింది. నలభై కళ్లతో మొదలెట్టి, ఆరేసి పెంచుతూ, సరిగ్గా ఇరవై అయిదు వరసలు. కంటికో ముడి చొప్పున మొత్తం ఎన్ని ముళ్లో లెక్క వెయ్యి చూద్దాం. మొదటిదీ చివరిదీ కలిపితే రెండొందల ఇరవై నాలుగు, అందులో సగం నూట పన్నెండు, ఇంటూ ఇరవై అయిదు... రెండువేల ఎనిమిది వందలు! సోమవారం తెచ్చి బల్ల మీద పరిచింది. "స్టెప్పులు అడిగారుగా సార్, లెక్కపెట్టుకోండి." చూశాడా? బెత్తం కొసతో ఎత్తి వరండాలోకి విసిరాడు. "మచ్ఛీ బజార్ సమఝ్ రఖా హై?" చేపల బజారనుకున్నావా అని! కొత్త దారమే, దానికి చేప వాసన ఎక్కడిదీ! పోగుచేసుకుని వెళ్లింది. మళ్లీ బడికి రాలేదు. వాళ్లమ్మతో కూర్చుని వలలే అల్లింది, పోయేదాకా.

నాకెలా తెలుసంటావేం? ముందు ఆ సున్నా కొట్టెయ్. కొట్టేశావా? పేరేంటి పిల్లది, రాజకుమారి అనా? రేపు బోర్డు దగ్గరికి పిలిచి ఎలా వచ్చిందో అడుగు. చెప్తే మార్కులు వెయ్యి, క్లాసందరి ముందూ వెయ్యి. చెప్పలేకపోతే అప్పుడు చుట్టుకో. అడగకుండా మాత్రం చుట్టకు, ఈ అమ్మమ్మ మాట విను. ఎలా తెలుసా? కొత్త టీచర్లం సీనియర్ల క్లాసులో వెనక బెంచీలో కూర్చోవాలి, అదీ రూలు. సున్నా చుట్టిన రోజూ, వల తెచ్చిన రోజూ అక్కడే ఉన్నాను. ఆయనంటే తెలియక చేశాడనుకో. నేను ఆ లెక్క నోటుబుక్కులో వేసుకున్నానే, 184, కింద రెండు గీతలు కూడా కొట్టాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, ఆయన మీద నోరెత్తితే ఊడుతుంది. ఆ పిల్ల వల పోగుచేసుకుంటూ కిటికీలోంచి నాకేసి చూసి, "టీచర్, మీరైనా లెక్కపెట్టండి" అంది. నేను ఆ 184 కనపడకుండా పేజీ మీద అరచెయ్యి పెట్టి...

వాన మొదలైంది. వెళ్లి బట్టలు తియ్యి.