విధి కెమెరా, భావి మోటారు

మెట్ల కింద గోడలో బిగించిన ఇనప పెట్టె. దాని ముందు స్టూలు మీద తమ్ముడు. కింద మెట్టు మీద, ఒళ్లో అట్ట పెట్టుకుని అక్క.

"నాన్న పోయిన రోజు ఈ పెట్టె తెరిచే ఉంది. తీగలన్నిటికీ చీటీలు కట్టాడు గానీ ఇంకా కలపలేదు. నీళ్లు తాగొస్తానని స్టూలు దిగాడు, అంతే. స్క్రూడ్రైవరు ఇదిగో, ఇక్కడ పెట్టి వెళ్లాడు."

"తెలుసక్కా. ఇరవై మూడు రోజులుగా అక్కడే ఉంది. ఇవాళ దాంతోనే పని. టైమెంత?"

"రెండూ పది."

"ఆ ఎలక్ట్రీషియన్ నాలుగింటికేగా వస్తానన్నాడు?"

"నాలుగింటికే. వచ్చి నాన్న లాగిన తీగలన్నీ పీకేసి కొత్తవి లాగుతాడట. నిన్న అమ్మతో ఏమన్నాడో విన్నావా? 'ఈ చీటీలు చదివితే నాకు బుర్ర తిరిగిపోతోందమ్మా, వీటిని నమ్మి కలిపితే ఇల్లు తగలబడుతుంది' అని."

"అతన్ని అనుకుని ఏం లాభం? నాన్న చీటీలు చూస్తేగానీ ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలీదు. చూస్తే అసలే తెలీదు."

"అందుకేగా నేనొచ్చింది. నువ్వు చదువు, నేను దిద్ది జాబితా రాస్తాను. నాలుగింటిలోపు అన్నీ పనిచేస్తే ఇక అతనెందుకు? నాన్న చేత్తో లాగినవి ఒక్కటీ పోకూడదు. మెయిన్ ఆపావా?"

"ఆపాను."

"టెస్టరు పెట్టి చూశావా?"

"చూశాను టీచరమ్మా. చేతులు కట్టుకుని చెప్పమంటావా?"

"నాన్న పిలిచినట్టు పిలవకు. చదువు."

"మొదటిది. 'మెడ దీపం'."

"మేడ. మేడ మీద దీపం."

"మెడలో దీపం వేసుకుని తిరుగుతామా మనం?"

"దీర్ఘం మర్చిపోయాడు. రాశాను. తర్వాత?"

"'పడగ గది ఫ్యాను'."

"పడక గది."

"పాముదేమో అనుకున్నాను. నిన్న రాత్రి నువ్వు పడుకుంది అందులోనేగా?"

"ఒరేయ్!"

"ఇదిగో, బుస కూడా వినబడింది. తర్వాత 'వంట గాది'."

"గది."

"'స్నానాల గాది'."

"గది! అక్కర్లేని చోట మాత్రం దీర్ఘం పెట్టాడు."

"మేడలోంచి తీసింది ఇక్కడ వాడుకున్నాడు. నాన్న ఏ వస్తువూ వృథా చెయ్యడుగా."

"నవ్వించకు, అక్షరాలు వంకర పోతున్నాయి."

"అక్కా, ఇది చదవాలంటే నాకే భయంగా ఉంది. 'భావి మోటారు'."

"బావి మోటారు."

"కాదు, భావే. ఒత్తు ఎంత గట్టిగా పెట్టాడో చూడు. రాబోయే తరాల కోసం కొన్నాడు."

"అందుకేనేమో ఇవాళ్టిదాకా నీళ్లు పైకెక్కలేదు."

"హహ్హ... స్టూలు, స్టూలు పట్టుకో!"

"దిగి నవ్వు! చేతిలో స్క్రూడ్రైవరు పెట్టుకుని ఊగుతావేంటి?"

"సరే, సరే. 'తలపు గంట'."

"తలుపు గంట."

"ఎవరైనా మనల్ని తలుచుకుంటే మోగుతుంది కాబోలు."

"మీ ఆవిడ పుట్టింటికి వెళ్లి ఆరు రోజులైంది. ఒక్కసారీ మోగలేదే?"

"అంటావు, ఎందుకనవు! నీ సంగతి తర్వాత చెప్తాను. ఇది విను. 'మందు గది'."

"ముందు గది. కొమ్ము ఎగిరిపోయింది."

"మందు గదేమో. మనకి తెలీకుండా నాన్న..."

"నాన్నకి పాలు తాగితేనే మత్తొచ్చేది. మెయిన్ వెయ్యి, చూద్దాం."

"పక్కకి జరుగు. వేస్తున్నాను. మందు గదిలో ఏం తిరుగుతుందో చూసి చెప్పు."

"ఫ్యాను! ముందు గది ఫ్యానేరా! తిరుగుతోంది! అయ్యో, పేపర్లన్నీ ఎగిరిపోతున్నాయి!"

"పేపర్లకీ ఎక్కిందన్నమాట."

"ఆపు, ఆపు, నాకు కడుపు నొప్పొస్తోంది."

"కింద ఏంటర్రా ఆ నవ్వులు? పక్కింటివాళ్లు వింటే ఏమనుకుంటారు?"

"పనమ్మా! పని చేస్తున్నాం!"

"అమ్మ ఎక్కడుంది, మేడ మీదా?"

"బట్టలు ఆరేస్తోంది. కరెంటు తీగలు అయిపోయాయి. ఇక కెమెరాలు. నువ్వు పెట్టె పక్కన ఆ చిన్న తెర చూస్తూ ఉండు, నేనొక్కొక్కటే గుచ్చుతాను. 'మెడ కెమెరా'."

"మళ్లీ అదే తప్పు. మేడ... ఒరేయ్."

"ఏమైంది? రాలేదా?"

"వచ్చింది. నిజంగానే మెడ వచ్చింది."

"ఏంటీ?"

"అమ్మ మెడ! తెర నిండా అమ్మ మెడే! సరిగ్గా కెమెరా కింద నిలబడింది."

"అయితే నాన్న రాసిందే కరెక్టు! నువ్వు దిద్దింది కొట్టెయ్!"

"అమ్మా! కాస్త జరుగు! మేడ కనబడట్లేదు!"

"నేనెక్కడ నిలబడ్డానో నీకెలా తెలుసే?"

"జరిగింది. మేడంతా వచ్చింది. తర్వాతది పెట్టు."

"'విధి కెమెరా'. పెట్టాను. చెప్పు, ఏం కనబడుతోంది మన విధిలో?"

"ఎదురింటాయన స్కూటరు తుడుచుకుంటున్నాడు."

"అంతేనా?"

"ఓ కుక్క ఉంది. వెల్లకిలా పడుకుంది."

"పర్వాలేదు. ఇంకా దారుణంగా ఉంటుందనుకున్నాను."

"టైమవుతోందిరా. మూడున్నర. నెట్ తీగ ఏదీ?"

"ఇదే అయ్యుంటుంది. ఇది నువ్వే చదవాలి, నా వల్ల కాదు."

"'అంతర్జలం'."

"బావి మోటారు పక్కనే పెట్టాడు మరి!"

"అంతర్జాలంరా! అయ్యో నాన్నా..."

"నెట్ అని రాస్తే రెండక్షరాలతో పోయేది. టీచరమ్మ చూస్తుందని పెద్ద మాటకి పోయి నీళ్లలో పడ్డాడు. ఉండు, నెట్ తీగల టెస్టరు పెడతాను. ఒకటి, రెండు... ఎనిమిది లైట్లూ వరసగా వెలిగాయి. తీగ మంచిదే అక్కా, మాటే తడిసింది."

"ఇల్లంతా వెలుగుతోందేంటర్రా! నీళ్లు కూడా ఎక్కుతున్నాయి, పైన చప్పుడవుతోంది."

"వచ్చావా అమ్మా. చూశావా, ఒక్క తీగ కూడా మార్చలేదు. అన్నీ నాన్నవే."

"ఆ అట్ట మీద ఏం రాస్తున్నావే?"

"జాబితా. తప్పులు దిద్ది రాస్తున్నాను. నాన్నకి దీర్ఘాలు రావుగా."

"రావని ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? సామాన్ల చీటీ దగ్గర్నుంచీ నేనేగా దిద్దింది."

"పెళ్లికి ముందు నాకు పద్నాలుగు ఉత్తరాలు రాశారు మీ నాన్న. ఒక్క తప్పు లేదు."

"మరి ఇవన్నీ?"

"నీకు ఆరేళ్లప్పుడు తొందరలో ఏదో తప్పు రాశారు. నువ్వు ఎర్ర పెన్సిల్‌తో దిద్ది, పదికి తొమ్మిది మార్కులు వేసి, నేల మీద దొర్లి దొర్లి నవ్వావు. ఆ రోజు నుంచే ఆయన రాతలో తప్పులు మొదలయ్యాయి."

"నీకు తెలుసా తమ్ముడూ?"

"నాకేం తెలుసు? నాకు మాత్రం ఎప్పుడూ తప్పు లేకుండానే రాసేవాడు. నేనేదో అదృష్టం అనుకున్నాను."

"ఈ పెట్టె మొదలెట్టిన రోజు నన్నడిగారు. 'పందొమ్మిది చీటీలు. అన్నీ దిద్దాలంటే దానికి రెండు రోజులు పట్టదూ?' అని. సెలవు పెట్టి రెండు రోజులుంటావని."

"అమ్మా, మరి నిన్న ఆ ఎలక్ట్రీషియన్‌తో ఎందుకు చెప్పలేదు? పీకేస్తానంటే ఎందుకు సరేనన్నావు?"

"ఏమని చెప్పను? మా ఆయన కూతురి కోసం తప్పులు రాసుకున్నాడు బాబూ అనా? ఈ పెట్టె తలుపు తియ్యడం కూడా నా వల్ల కాలేదురా. పోతే పోనీ అనుకున్నాను. ఇందాక మీ నవ్వులు విన్నాక వద్దనిపించింది. నువ్వు అతన్ని రావద్దని చెప్పవే."

"చెప్తున్నాను, ఒక్క నిమిషం... హలో, ఆ, మేమేనండీ. అక్కర్లేదండీ, అయిపోయింది. లేదండీ, ఏదీ తగలబడలేదు. ఉంటాను. చెప్పేశానమ్మా."

"అక్కా, ఏడవకు. ఇంకా పని మిగిలే ఉంది."

"ఏడవట్లేదు. ఇంకెన్ని ఉన్నాయి?"

"ఒక్కటే. అమ్మ మాట్లాడే ఫోనుది."

"చదువు."

"నువ్వే చూడు."

"నువ్వు చదవరా. నేను రాస్తాను. ఏం తప్పు రాశాడు?"

"'పోను'. ఎక్కడికీ పోనంటున్నాడక్కా."

"ఫోనేగా?"

"ఫోనేనమ్మా. బిగించాను. రిసీవరు ఎత్తి చూడు."

"వస్తోంది. శబ్దం వస్తోంది."

"అయితే అన్నీ అయిపోయినట్టే. జాబితా ఇలా ఇవ్వక్కా, పెట్టె తలుపు లోపల అంటిస్తాను."

"ఉండు. పద్దెనిమిదే అయ్యాయి. ఆ ఒక్కటీ ఇంకా దిద్దలేదు."